ఒక రోగికి ఒకే రికార్డు కావాలి: ఆసుపత్రి యాజమాన్యాలకు, సాఫ్ట్‌వేర్ సంస్థలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆసుపత్రి యాజమాన్య సభ్యులకు, మెడికల్ సూపరింటెండెంట్లకు, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ రూపొందించే సంస్థల బాధ్యులకు నమస్కారం.

నేను ఒక ఆసుపత్రి మెడికల్ రికార్డుల విభాగంలో పనిచేస్తున్నాను. వైద్యానికి సంబంధించిన సమాచారం ఒక చోట, అడ్మిషన్లు, పడకలు, బిల్లులు, స్టోర్స్ లెక్కలు మరో చోట నడవడం వల్ల వస్తున్న ఇబ్బందులను వార్డు నర్సులూ మా విభాగం వారూ కలిసి యాజమాన్యానికి రాతపూర్వకంగా విన్నవించాం. విన్నపం అందిందన్న కబురు వచ్చింది గాని జవాబు రాలేదు. వేరే ఆసుపత్రుల్లో ఇదే పని చేసేవారిని కదిలిస్తే వారూ ఇదే చెబుతున్నారు. అందుకే ఏ ఒక్క సంస్థనో వేలెత్తి చూపకుండా, ఈ నిర్ణయాలు తీసుకునే మీ అందరినీ ఉద్దేశించి ఈ లేఖ రాస్తున్నాను.

ఆసుపత్రుల్లో కంప్యూటర్లు ముందుగా అకౌంట్ల విభాగంలోకి వచ్చాయి. ఆ తర్వాత ల్యాబ్‌కు ఒక వ్యవస్థ, రేడియాలజీకి ఒకటి, ఫార్మసీకి ఒకటి, డాక్టర్ల నోట్సుకు, నర్సింగ్ చార్టుకు మరొకటి, ఎవరి అవసరం కొద్దీ వారు, ఎవరి బడ్జెట్ కొద్దీ వారు కొన్నారు. విడివిడిగా చూస్తే ఇవన్నీ బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తాయి, ఏ విభాగాధిపతిని అడిగినా తన వ్యవస్థలో లోపం లేదనే అంటారు. లోపం వాటి నడుమ ఉంది. ఆ నడిమి ఖాళీకి బాధ్యుడెవరో ఏ సంస్థాగత పట్టికలోనూ రాసి ఉండదు కనుక, దాన్ని రోగి, రోగి వెంట వచ్చినవారు, డ్యూటీలో ఉన్న నర్సు మోస్తున్నారు. ఒక కౌంటర్‌లో ఇచ్చిన వివరాలను ఇంకో కౌంటర్‌లో మళ్లీ చెప్పేది, ల్యాబ్ కాగితాన్ని వార్డుకు, వార్డు కాగితాన్ని బిల్లింగ్‌కు మోసుకెళ్లేది, ఎక్కడ ఆగిందో కనుక్కునేది వాళ్లే. దీన్ని కేవలం అసౌకర్యంగా లెక్కగట్టడం సరికాదని చెప్పడానికి, దీనివల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో వరుసగా మీ ముందుంచుతున్నాను.

1. ఒకే మనిషికి రెండు నంబర్లు పడుతున్నాయి. పేరులో ఒక అక్షరం తేడాతోనో, పుట్టిన తేదీ బదులు వయసు రాయించడంతోనో, ఇదివరకు వచ్చిన రోగికి రిజిస్ట్రేషన్‌లో కొత్త నంబరు పుడుతుంది. బిల్లింగ్ లెక్కలో దీనివల్ల నష్టమేమీ కనిపించదు, ఆ రోజు బిల్లు ఆ రోజుకు సరిపోతుంది. కాని ఆ రోగికి పెన్సిలిన్ పడదన్న సంగతి పాత నంబరు కింద ఉండిపోతుంది, కొత్త నంబరుతో తెరిచిన కేసు షీటులో అలర్జీల గడి ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ గడిని చూసిన డాక్టరు ఏ అలర్జీ లేదనుకునే ప్రమాదం ఉంది. దీనికంటే భయంకరమైనది ఇద్దరు వేర్వేరు మనుషుల వివరాలు ఒకే నంబరు కింద కలిసిపోవడం. ఒకరి రక్తం గ్రూపు, ఒకరి మందుల జాబితా, ఒకరి స్కానింగ్ రిపోర్టు ఇంకొకరివిగా చెలామణి అవుతాయి, వాటిని మళ్లీ విడదీయాలంటే ప్రతి కాగితాన్నీ మనిషి కూర్చుని చదవాలి.

క్యాజువాలిటీకి స్పృహ లేని స్థితిలో వచ్చినవారి సంగతి మరీ దయనీయం. వారికి తాత్కాలిక నంబరు ఇచ్చి చికిత్స మొదలుపెడతాం, అది సరైన పనే. బంధువులు వచ్చి పేరు చెప్పాక బిల్లింగ్ వారు తాత్కాలిక ఖాతాను అసలు ఖాతాలో కలిపేస్తారు. ఆ కలపడం గురించిన సందేశం ల్యాబ్‌కు, రేడియాలజీకి వెళ్లే ఏర్పాటు లేనిచోట, మొదటి గంటల్లో చేసిన పరీక్షలన్నీ ఎవరివీ కానివిగా మిగిలిపోతాయి. నవజాత శిశువులకు, ముఖ్యంగా పేరు పెట్టని కవలలకు, ఈ చిక్కు పుట్టిన క్షణం నుంచే ఉంటుంది. రోగిని కనీసం రెండు గుర్తులతో పోల్చుకోవాలని, గది నంబరు అందులో ఒకటి కాకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే సూచించింది. మంచం దగ్గర నర్సు ఈ జాగ్రత్త పాటిస్తున్నా, వ్యవస్థలు తమలో తాము ఆ జాగ్రత్త పాటించకపోతే ఫలితం ఉండదు.

2. రోగి కదిలాడు గాని సమాచారం కదల్లేదు. వార్డు నుంచి ఐసీయూకు మార్చినప్పుడు పడకల లెక్క చూసే వ్యవస్థలో మార్పు వెంటనే నమోదవుతుంది, ఎందుకంటే గది చార్జీ మారుతుంది. ఆ మార్పు ల్యాబ్ వ్యవస్థకు చేరకపోతే, రక్తంలో పొటాషియం ప్రమాదకర స్థాయిలో ఉందన్న ఫోను పాత వార్డుకు వెళుతుంది. అక్కడ ఫోను తీసినవారికి ఆ రోగి ఎవరో తెలియదు. ల్యాబ్ సకాలంలోనే చెప్పినట్టు రికార్డులో ఉంటుంది, చికిత్స చేయవలసిన డాక్టరుకు మాత్రం తెలిసి ఉండదు. తర్వాత విచారణ జరిగితే ఇరుపక్షాలూ తమ తప్పు లేదని నిజాయతీగానే చెప్పగలుగుతాయి. దీనికి తోడు, రెండు వ్యవస్థల గడియారాలు ఒకే సమయం చూపించకపోవడం వల్ల శాంపిల్ తీయకముందే ఫలితం వచ్చినట్టు నమోదైన రికార్డులు నా బల్ల మీదికి వచ్చాయి. వాటి ఆధారంగా ఏది ముందు జరిగిందో ఎవరు తేల్చగలరు?

3. అంకె చేరినా అర్థం చేరడం లేదు. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్‌ను కొన్ని ల్యాబ్‌లు డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో, కొన్ని లీటరుకు మైక్రోమోల్‌లలో చెబుతాయి, మొదటి కొలతలో 1 రెండో కొలతలో సుమారు 88. ఒక వ్యవస్థ నుంచి ఇంకో వ్యవస్థకు అంకె మాత్రమే వెళ్లి కొలమానం వెనకే ఉండిపోతే ఏమవుతుందో వైద్యులకు నేను వివరించనక్కరలేదు.

4. ఆర్డరుకూ చార్జికీ పొత్తు లేదు. డాక్టరు రాసిన పరీక్షను నర్సు ల్యాబ్ తెరలో ఒకసారి, బిల్లింగ్ తెరలో ఒకసారి ఎక్కిస్తుంది. డాక్టరు దాన్ని రద్దు చేస్తే ల్యాబ్ ఆగుతుంది, బిల్లు ఆగదు. చేయని పరీక్షకు డబ్బు కట్టమన్నప్పుడు రోగి కుటుంబానికి ఆసుపత్రి మీద పోయే నమ్మకం తర్వాత సొమ్ము వాపసు చేసినంత మాత్రాన తిరిగి రాదు. చేసిన పరీక్ష బిల్లులో ఎక్కకపోతే ఆసుపత్రికి నష్టం, యాజమాన్యాలు ఈ రెండో రకాన్ని పట్టుకోవడానికి మనుషుల్ని పెడుతున్నాయి, మొదటి రకాన్ని పట్టుకునే పని మాత్రం రోగికే వదిలేశాయి. ఇక ఒకే సంగతిని రెండుసార్లు టైపు చేసే నర్సు సమయం ఎక్కణ్నుంచి వస్తోందో కూడా ఆలోచించండి. అది మంచం దగ్గర గడపవలసిన సమయం.

5. డిశ్చార్జి. ఉదయం రౌండ్లలో డాక్టరు ఇంటికి వెళ్లవచ్చని చెబుతారు. వాడని మందులను ఫార్మసీకి తిప్పి పంపాలి, ల్యాబ్ బకాయిలు చూడాలి, నర్సింగ్ క్లియరెన్స్ రావాలి, డిశ్చార్జి సమ్మరీ టైపు కావాలి, బీమా ఉంటే అనుమతి రావాలి. వీటిలో చాలా పనులు ఏకకాలంలో జరిగిపోగలిగినవే అయినా, ఒక విభాగం పని పూర్తయిన సంగతి తర్వాతి విభాగానికి కాగితం మీదే చేరుతుంది కనుక ఒకదాని వెనుక ఒకటిగా సాగుతాయి. కోలుకుంటున్న మనిషి రోజంతా కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తాడు. అదే సమయంలో క్యాజువాలిటీలో స్ట్రెచర్ మీద ఉన్న ఇంకో మనిషి ఆ పడక కోసమే ఎదురుచూస్తుంటాడు. వీరిద్దరిలో ఎవరికీ రెండోవారి గురించి తెలియదు, తెలిసి ఉండవలసిన వ్యవస్థకూ తెలియదు.

ఈ సంగతులు చెప్పినప్పుడల్లా సాంకేతికంగా కష్టమన్న సమాధానం వినిపిస్తుంది. ఈ రంగంలో ప్రమాణాలు లేవనుకుంటే అది వాస్తవం కాదు. అడ్మిషన్, బదిలీ, డిశ్చార్జి, ఆర్డరు, ఫలితం, చార్జి వంటి సందేశాలను వ్యవస్థల మధ్య పంపే ప్రమాణాలను రూపొందించడానికి హెచ్ఎల్ సెవెన్ సంస్థ 1987లో ఏర్పడింది. రెండు రోగి రికార్డులను కలిపినట్టు ఇతర వ్యవస్థలకు చెప్పే సందేశం కూడా ఆ ప్రమాణాల్లో ఉంది. స్కానింగ్ చిత్రాలకు డైకామ్ ప్రమాణం 1993 నుంచి ఆ పేరుతో ఉంది. ల్యాబ్ పరీక్షలకు ఉమ్మడి సంకేతాలిచ్చే లాయింక్ 1994లో మొదలైంది. వీటన్నిటినీ కలిపి రిజిస్ట్రేషన్ నుంచి రిపోర్టు దాకా పని ఏ క్రమంలో సాగాలో చెప్పే ఐహెచ్ఈ అనే సంస్థ 1998లో ఏర్పడింది, గుర్తు తెలియని రోగి వివరాలను తర్వాత ఎలా సరిదిద్దాలన్నదానికి కూడా అది పద్ధతి నిర్ణయించి పెట్టింది. వెబ్ సాంకేతికత మీద ఆరోగ్య సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకునే ఫైర్ (FHIR) ప్రమాణపు తొలి ప్రయోగ రూపం 2014లో వచ్చింది. ఇవి ఉంటే చాలు పని దానంతటదే అయిపోతుందని నేననను. ఒకే ప్రమాణాన్ని రెండు సంస్థలు రెండు రకాలుగా అమలు చేయడం ఈ రంగంలో అందరికీ అనుభవమే. అయినా పునాది లేదన్న మాట చెల్లదు. పైగా ప్రతి వ్యవస్థనూ మిగతా ప్రతి వ్యవస్థతో నేరుగా జత చేస్తూ పోతే ఆరింటికి 15 జతలు, పదింటికి 45 జతలు అవుతాయి. మధ్యలో ఒక సందేశ కేంద్రం పెట్టి ప్రతి వ్యవస్థనూ దానికే కలిపితే పదింటికి పది జతలు చాలు. ఇది ఖర్చు పెంచే సలహా కాదని మీ సాంకేతిక నిపుణులే చెబుతారు.

ఇక్కడ ఒక విషయం నొక్కి చెప్పాలి, ఎందుకంటే వ్యవస్థలను కలిపేయడమే లక్ష్యంగా పెట్టుకుని తొందరపడితే కొత్త ప్రమాదాలు వస్తాయి. 2005లో జామా వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, డాక్టర్లు కంప్యూటర్‌లో ఆర్డర్లు రాసే వ్యవస్థ ఒక బోధనాసుపత్రిలో మందుల పొరపాట్లకు 22 రకాలుగా వీలు కల్పించిందని గుర్తించింది. వాటిలో ఒకటి నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది: ఫార్మసీ స్టాకులో ఏ మోతాదు మాత్రలున్నాయో చూపించే జాబితాను డాక్టర్లు రోగికి ఇవ్వవలసిన మోతాదుకు మార్గదర్శకంగా పొరబడ్డారు. స్టోర్స్ కోసం తయారైన సమాచారం, సందర్భం చెప్పకుండా వైద్యుడి తెర మీదికి రావడం వల్ల జరిగిందది. సమాచారం కలిసింది, అర్థం కలవలేదు.

రోగ నిర్ధారణ కోడ్‌ల విషయంలో కూడా ఇదే జరుగుతోంది. జబ్బులకు కోడ్‌లిచ్చే అంతర్జాతీయ వర్గీకరణ ఐసీడీ 1893లో మరణ కారణాల జాబితాగా మొదలై, గణాంకాలకు, క్రమంగా బీమా క్లెయిములకు ఆధారమైంది. ఒక జబ్బు లేదని నిర్ధారించుకోవడానికి రాసిన పరీక్షకు క్లెయిము కోసం ఆ జబ్బు కోడే వేస్తే, ఆ కోడ్ అలాగే కేసు షీటులోకి ప్రవహిస్తే, రోగికి లేని జబ్బు అతని చరిత్రలో స్థిరపడుతుంది. మూర్ఛ ఉందేమోనని చూసి లేదని తేల్చిన మనిషికి, తర్వాత ఉద్యోగ పరీక్షలోనో బీమా దరఖాస్తులోనో మూర్ఛ రోగి అన్న ముద్ర ఎదురైతే దాన్ని చెరిపించుకోవడానికి అతను ఎవరి దగ్గరికి వెళ్లాలి? బిల్లు కోసం ఎంచిన కోడ్ వేరు, డాక్టరు నిర్ధారించిన జబ్బు వేరు. ఈ తేడా సాఫ్ట్‌వేర్‌లో నిలబడాలి.

పెద్ద ఎత్తున చేసిన ప్రయత్నాలు దెబ్బతిన్న ఉదాహరణలూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో జాతీయ ఆరోగ్య సేవ కోసం 2002లో తలపెట్టిన భారీ ఐటీ కార్యక్రమాన్ని 2011లో ప్రభుత్వం విరమిస్తున్నట్టు ప్రకటించింది. వాడవలసిన వైద్యులతో, నర్సులతో తగినంత సంప్రదించకుండా పైనుంచి నిర్ణయించారన్నది దానిపై వచ్చిన ప్రధాన విమర్శల్లో ఒకటి. అదే ఆరోగ్య సేవలో 2017 మే నెలలో కంప్యూటర్లను స్తంభింపజేసే వన్నాక్రై సైబర్ దాడి జరిగినప్పుడు ఇంగ్లండ్‌లో ఆరోగ్య సేవలు నడిపే ట్రస్టుల్లో సుమారు మూడో వంతుపై ప్రభావం పడి, వేలాది అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. వ్యవస్థలు ఎంతగా కలిస్తే, అవి ఆగిన రోజు నష్టం అంతగా విస్తరిస్తుంది.

పై వాస్తవాలను దృష్టిలో పెట్టుకుని మీ ముందు ఈ కోర్కెలు ఉంచుతున్నాను.

1. మొదటి పని రోగి గుర్తింపు. అన్ని వ్యవస్థలకూ రోగుల నంబర్ల మూల పట్టిక ఒకటే ఉండాలి, కొత్త నంబరు ఏ వ్యవస్థా స్వతంత్రంగా పుట్టించకూడదు. రెండు రికార్డులు కలిపినా, పొరపాటున కలిపినవాటిని విడదీసినా ఆ సమాచారం అదే రోజు ప్రతి వ్యవస్థకూ చేరాలి. ఈ పని చూసే సిబ్బందిని ప్రత్యేకంగా నియమించాలి. రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో వేగాన్ని మాత్రమే కొలిచి సిబ్బందిని తొందరపెట్టినంతకాలం ఈ సమస్య తీరదు, కాబట్టి అక్కడ కచ్చితత్వాన్ని కూడా కొలవండి.

2. అత్యవసర చికిత్సకు బిల్లు అడ్డం కాకూడదు. డబ్బు కట్టిన గుర్తు పడితేనే ల్యాబ్ లేబుల్ ముద్రించే, ఫార్మసీ మందు విడుదల చేసే తాళాలను కొన్ని వ్యవస్థల్లో పెడుతున్నారు. విడివిడి వ్యవస్థలున్నప్పుడు నర్సు బతిమాలో, డాక్టరు సంతకం చేసో పని జరిపించేవారు, కలిపిన వ్యవస్థలో ఆ వెసులుబాటు కూడా మాయమవుతుంది. క్యాజువాలిటీ, ఐసీయూ, ప్రసూతి గది, ఆపరేషన్ థియేటర్ల నుంచి వచ్చే ఏ ఆర్డరునూ చెల్లింపు స్థితి ఆపలేని విధంగా సాఫ్ట్‌వేర్‌లోనే నిర్మించాలి. ఈ ఒక్క అంశంలో రాజీకి తావులేదని సవినయంగా, గట్టిగా చెబుతున్నాను.

3. ఆర్డరు ఒకసారే నమోదు కావాలి. ఆ నమోదు నుంచే ల్యాబ్ పని, స్టాకు లెక్క, చార్జి పుట్టాలి. పని జరిగినట్టు నిర్ధారణ అయ్యాకే చార్జి పడాలి, రద్దయితే అన్నిచోట్లా రద్దు కావాలి. బిల్లులోని ప్రతి పద్దుకూ దాని వెనుక ఉన్న ఆర్డరు, ఫలితం చూపించమని రోగి అడిగితే చూపించగలగాలి.

4. ఎవరు ఏది చూడవచ్చో నిర్ణయించండి. బిల్లింగ్ గుమాస్తాకు చార్జి కనిపించాలి గాని మానసిక చికిత్స నోట్సు, హెచ్ఐవీ ఫలితం కనిపించనక్కరలేదు. అత్యవసరంలో హద్దు దాటి చూడవలసిన డాక్టరుకు ఆ వీలుండాలి, ఎవరు ఎందుకు చూశారో నమోదు కావాలి, ఆ నమోదును ఎవరో ఒకరు నిజంగా పరిశీలించాలి. ఇంట్లో ఎవరికో, ఆఫీసులో ఎవరికో చూపించవలసి వచ్చే బిల్లులో పరీక్షల పేర్లు ఎంత వివరంగా ముద్రించాలన్నది కూడా రోగి గోప్యతకు సంబంధించిన విషయమే.

5. వ్యవస్థ ఆగిన రోజుకు కాగితపు ఏర్పాటు సిద్ధంగా ఉంచి, ఏడాదికి ఒకసారైనా దాన్ని ఆచరించి చూడండి. అలర్జీల, మందుల జాబితా ప్రతి వార్డులోనూ విడిగా దొరకాలి.

6. సాఫ్ట్‌వేర్ సంస్థలకు: సమాచారాన్ని ప్రమాణ రూపంలో, కొలమానాలతో సహా, ఒప్పందం ముగిసినా వెనక్కి ఇవ్వడాన్ని ఒప్పందంలో భాగం చేయండి. ఇంకో సంస్థ వ్యవస్థతో జత చేయడానికి ప్రతిసారీ విడిగా భారీ రుసుము అడగడం వల్లే చాలా ఆసుపత్రుల్లో ఈ పని మధ్యలో ఆగిపోతోంది. యాజమాన్యాలు కూడా టెండరు దశలోనే ఈ షరతు రాయాలి, కొన్నాక అడిగితే ఆలస్యమైపోతుంది.

7. నిర్ణయించే కమిటీలో నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు, రికార్డుల ఉద్యోగి, రోగుల తరఫున ఒకరు ఓటు హక్కుతో ఉండాలి. ప్రదర్శన చూసి సంతకం పెట్టడానికి పిలిస్తే సరిపోదు. కొత్త వ్యవస్థ మొదలైన తర్వాత ఒకే రోగికి రెండోసారి పుట్టిన రికార్డుల సంఖ్య, ప్రమాదకర ఫలితం చికిత్స చేసే డాక్టరుకు చేరడానికి పట్టిన సమయం, డిశ్చార్జి నిర్ణయానికీ పడక ఖాళీకీ మధ్య గడిచిన సమయం, ఆర్డరు లేకుండా పడిన చార్జీల సంఖ్య క్రమం తప్పకుండా కొలిచి, సిబ్బందికి, రోగులకు తెలిసేలా ప్రకటించాలి.

ఇవన్నీ ఒకేసారి చేయడం సాధ్యం కాదని నాకు తెలుసు. మొదటి, రెండో కోర్కెలతో ప్రారంభించండి, వీటికి కొత్త సాఫ్ట్‌వేర్ కొనేదాకా ఆగనక్కరలేదు. మిగిలినవాటిలో దేన్ని ఎప్పటిలోగా చేపడతారో, దేన్ని చేపట్టలేరో కారణంతో సహా రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను. ఈ విషయంపై మీరు పిలిచే ఏ సమావేశానికైనా రికార్డుల విభాగాల వారం, వార్డు నర్సులం ఆధారాలతో వస్తాం.

ఇట్లు,
మెడికల్ రికార్డుల విభాగంలో పనిచేస్తున్న ఒక ఉద్యోగిని